ఏది మేలు: రెండు వెబర్లా, సిలిండర్‌కో థ్రాటిలా, ఒట్టి ఈసీయూనా?

కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే పరికరం) ఉన్న పాత కారులో పికప్ పెంచాలంటే ఎక్కువగా వినపడే దారులు మూడు. మొదటిది, రెండు వెబర్ 40 డీసీఓఈ కార్బొరేటర్లు పక్కపక్కన బిగించడం. రెండోది, సిలిండర్‌కో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) పెట్టి, ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూతో, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌తో, నడపడం. మూడోది, ఒకే థ్రాటిల్, ఒకే మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) ఉంచి, ఇంజెక్షన్‌నీ (పెట్రోల్ చిమ్మడం) ఇగ్నిషన్‌నీ (స్పార్క్ ఇవ్వడం) ఈసీయూకి అప్పజెప్పడం. బానెట్ ఎత్తగానే నాలుగు ట్రంపెట్లు (గాలి పీల్చే బాకా మూతులు) వరసగా కనిపిస్తే ఎవరి మనసైనా రెండోదాని మీదకే పోతుంది. అయినా రోజూ రోడ్డెక్కే కారుకి మూడోదే మేలని నా గట్టి నమ్మకం.

ముందు రెండోదాని గొప్పతనం ఒప్పుకోవాలి. మామూలు ఇంజిన్‌లో థ్రాటిల్ ఒక్కటే. దాని వెనక పెద్ద గాలి డబ్బా, అక్కడి నుంచి నాలుగు గొట్టాలు. యాక్సిలరేటర్ నొక్కితే ముందు ఆ డబ్బా నిండాలి, తర్వాతే సిలిండర్లకు గాలి పూర్తిగా అందుతుంది. థ్రాటిల్‌ని వాల్వుకి దగ్గరగా, ఏ సిలిండర్‌ది దానికి పెడితే ఆ ఆలస్యం దాదాపు పోతుంది. పాదం కదిలిందో లేదో ఇంజిన్ పలుకుతుంది. కంపెనీలు కూడా ఊరికే పెట్టలేదు. 1986లో వచ్చిన మొదటి బీఎండబ్ల్యూ ఎం3లో నాలుగు, 1989 నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో టర్బో ఉండి కూడా ఆరు. టొయోటా 1991లో తెచ్చిన 20 వాల్వుల 4ఏ-జీఈ ఇంజిన్ 1.6 లీటర్లతోనే 160 పీఎస్ ఇచ్చింది. టొయోటా పాత ఏఈ86 కార్లున్నవాళ్లు ఇప్పటికీ ఆ ఇంజిన్ కోసం వెతకడానికి ఆ నాలుగు థ్రాటిళ్లూ ఒక కారణం.

అసలు లాభం రేసు క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేసినప్పుడు తెలుస్తుంది. అలాంటి క్యామ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో కాలిన గ్యాస్ ఇన్‌టేక్‌లోకి వెనక్కి తన్నుతుంది. గాలి డబ్బా ఉమ్మడిదైతే ఒక సిలిండర్ తన్నింది పక్క సిలిండర్ పీల్చుకుంటుంది, ఐడ్లింగ్‌లో కారు వణికిపోతుంది. థ్రాటిల్ ఎవరిది వాళ్లకుంటే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. క్యామ్ మార్చని ఇంజిన్‌కి ఈ లాభమే లేదు. మిగిలేది చురుకుదనం, చెవికి ఇంపైన శబ్దం, పై ఆర్‌పీఎంలో కాస్త పవర్.

అసలు టెన్షన్ ట్యూనింగ్‌లో మొదలవుతుంది. మామూలుగా ఈసీయూ ఇన్‌టేక్‌లోని గాలి ఒత్తిడిని కొలిచి, దాన్నిబట్టి పెట్రోల్ లెక్కగడుతుంది. ఒకే థ్రాటిల్ ఉన్న మంచి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఆ రీడింగ్ 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య నిలకడగా ఉంటుంది. సిలిండర్‌కో థ్రాటిల్ పెట్టి లాప్‌టాప్‌లో చూడండి: అంకె ఒకచోట నిలవదు, ఎగిరెగిరి పడుతుంది. పెడల్ కొద్దిగా నొక్కేసరికి బయటి గాలి ఒత్తిడి దగ్గరికి వెళ్లిపోతుంది, ఆపైన ఎంత నొక్కినా పెద్దగా కదలదు. అందుకే చాలామంది ఆల్ఫా-ఎన్ పద్ధతికి మారతారు. అంటే థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఆర్‌పీఎం ఎంత, ఈ రెండే చూసి పెట్రోల్ ఇవ్వడం. ఇందులో టేబుల్‌లోని (ఏ స్థితిలో ఎంత పెట్రోల్ ఇవ్వాలో రాసిన గడుల పట్టికలోని) మొదటి 15 శాతం థ్రాటిల్ ప్రాణం లాంటిది. గాలిలో పెద్ద మార్పంతా అక్కడే జరుగుతుంది కాబట్టి గడులు దగ్గరదగ్గరగా ఉండాలి. ట్రాఫిక్‌లో కారు నడిచేది కూడా ఆ గడుల్లోనే.

ఆల్ఫా-ఎన్‌కి గాలి పలచబడిన సంగతి తనంతట తెలియదు. విశాఖలో మ్యాప్ (ఆ పట్టిక) చేయించుకుని అరకు ఘాట్ ఎక్కారనుకోండి. సుమారు 900 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు 10 శాతం తగ్గుతుంది. వాతావరణ ఒత్తిడి కొలిచే బారో సెన్సర్ లేకపోతే ఇంజిన్ పెట్రోల్ ఎక్కువ తాగుతూ ముక్కుతూ పైకెక్కుతుంది. ఆ సెన్సర్ పెట్టించకుండా ఆల్ఫా-ఎన్ జోలికి వెళ్లొద్దు.

ఇంకో పని, నాలుగు థ్రాటిళ్లనూ సమానంగా తెరుచుకునేలా కలపడం. సింక్రోమీటర్ అనే చిన్న గాలి కొలత పరికరాన్ని ఒక్కో ట్రంపెట్ నోటికి ఆనించి, ముల్లు చూస్తూ స్క్రూ తిప్పాలి. ఒకటి సరిచేస్తే లింకేజీలో పక్కది కదులుతుంది, మళ్లీ మొదటికి రావాలి. ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు. లింకేజీ కీళ్లు అరిగేకొద్దీ తేడా వస్తుంది, ఆల్ఫా-ఎన్‌లో ఆ తేడా నేరుగా పెట్రోల్ లెక్కను తప్పిస్తుంది. బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో బ్రేక్ నొక్కడాన్ని తేలిక చేసేది) సంగతి అంతకన్నా ముఖ్యం. నాలుగు గొట్టాల నుంచీ సన్న పైపులు తీసి ఒక చిన్న డబ్బాలో కలిపి, వన్-వే వాల్వు ద్వారా బూస్టర్‌కి ఇవ్వాలి. ఒక్క సిలిండర్ నుంచే లాగితే బ్రేక్ పెడల్ గట్టిపడే ప్రమాదం ఉంది.

ఇక వెబర్లు. 40 డీసీఓఈ ఒక్కోదానికి రెండు నోళ్లు, కాబట్టి రెండు పెడితే సిలిండర్‌కో థ్రాటిల్ ఉన్నట్టే. ఇంగ్లండ్‌లోని జెన్వీ కంపెనీ అదే మానిఫోల్డ్ మీద కూర్చునేలా థ్రాటిల్ బాడీలు చేస్తుంది. గాలి దారి దాదాపు ఒకటే అయినప్పుడు పూర్తి థ్రాటిల్‌లో పవర్ తేడా కూడా పెద్దగా ఉండదు. తేడా అంతా మధ్యలో, చలిలో, ట్రాఫిక్‌లో. జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) మార్చడం తెలిసిన పాత మేస్త్రీ మీ ఊళ్లో ఉంటే వెబర్లు హాయి, లాప్‌టాప్ అక్కర్లేదు. మన దగ్గర ఇప్పుడు వాటికి అడ్డొచ్చింది ఈ20. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ సరిగ్గా కాలాలంటే మామూలు పెట్రోల్ కంటే సుమారు 8 శాతం ఎక్కువ పోయాలి. పాత జెట్లతో ఇంజిన్ లీన్‌గా (పెట్రోల్ చాలక), వేడిగా నడుస్తుంది. జెట్లు మార్చి సరిచేయొచ్చు, కానీ కార్బొరేటర్ తనంతట తాను సర్దుకోదు.

ఆ సర్దుకునే గుణం కోసమే నేను మూడోదానికి ఓటేస్తాను. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉంటే ఈసీయూ పొగను చూసి పెట్రోల్ దిద్దుకుంటుంది. అంతకంటే పెద్ద లాభం ఇగ్నిషన్‌ది. పాత డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ టైమింగ్‌ని జరిపేవి రెండు బరువులు, రెండు స్ప్రింగులు, ఒక వాక్యూమ్ డబ్బా. ముప్పై ఏళ్ల స్ప్రింగులు ఏ లెక్కన సాగుతాయో ఎవరూ చెప్పలేరు. దాని బదులు క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం, పక్కన ఒక సెన్సర్ పెడితే, ఏ ఆర్‌పీఎంలో ఏ లోడుకి ఎంత అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందుగా) కావాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. స్టార్టింగ్, మైలేజీ, కింది ఆర్‌పీఎంలో లాగుడు ఈ ఒక్క మార్పుతోనే బాగుపడతాయి. బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు మొదలుపెట్టిన మెగాస్క్విర్ట్, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే స్పీడుయినో లాంటి ఈసీయూలు ఈ పనికి బాగానే సరిపోతాయి. హాల్‌టెక్, లింక్, మోటెక్ కంపెనీల ఈసీయూల స్థాయికి వెళ్తే సదుపాయాలు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది.

థ్రాటిళ్లు నాలుగైనా ఒకటైనా తప్పనివి కొన్ని ఉన్నాయి. కార్బొరేటర్‌కి పావు బార్ ఒత్తిడితో పెట్రోల్ అందితే చాలు, ఇంజెక్షన్‌కి సుమారు 3 బార్ కావాలి. పాత రబ్బరు పైపు ఆ ఒత్తిడికి పగిలితే వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. ఇంజెక్షన్‌కి పనికొచ్చే, ఇథనాల్‌ని తట్టుకునే పైపులు, మంచి క్లిప్పులు, కారు ఆగిపోగానే పంపు ఆగే ఏర్పాటు, వీటిలో రూపాయి కూడా మిగిల్చుకోకూడదు. సెన్సర్ల ఎర్త్ వైర్లు బాడీకి కాదు, నేరుగా ఈసీయూకి వెళ్లాలి. అంతుచిక్కని మిస్‌ఫైరింగ్ వస్తే ముందు చూడాల్సింది అక్కడే.

పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక మాట. 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ దారులు రెండే, ఒక్కో దారిని ఇద్దరు పంచుకుంటారు. సిలిండర్‌కో థ్రాటిల్ పెట్టే చోటే లేదు. పోర్ట్ ఇంజెక్షన్ (ఇన్‌టేక్ దారిలో పెట్రోల్ చిమ్మడం) పెట్టినా ఒక సిలిండర్ పక్కదాని పెట్రోల్ లాక్కుంటుంది. ఆ బండికి మంచి కార్బొరేటర్ ఉంచి, ఇగ్నిషన్ ఒక్కటే ఈసీయూకి ఇవ్వడం తెలివైన పని.

చట్టం సంగతీ చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఆర్టీఏలో అడగండి, తీసిన భాగాలు ఒక్కటి కూడా పారేయకండి.

కోయంబత్తూరు కరి ట్రాక్‌కో, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కో ట్రెయిలర్ మీద వెళ్లే కారుకి నా జవాబు వేరు. హెడ్ పోర్టింగ్ (గాలి దారులు వెడల్పు చేయడం) అయి, పెద్ద క్యామ్ పడి, 7000 ఆర్‌పీఎం పైన బతికే ఇంజిన్‌కి సిలిండర్‌కో థ్రాటిల్ పెట్టాల్సిందే. ఇంగ్లండ్ నుంచి పూర్తి కిట్ తెప్పిస్తే వెయ్యి పౌండ్లు దాటుతుంది, కస్టమ్స్ వేరే. సుజుకి జీఎస్ఎక్స్-ఆర్ లాంటి బైకుల థ్రాటిళ్లు విడదీసి, ఇంజిన్ పోర్టుల దూరానికి సరిపోయేలా మళ్లీ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. మంచి లేత్ మేస్త్రీ దొరికితే అది చవకైన దారి.

ఏది ఎంచుకున్నా సామాన్లకు ఎంతవుతుందో, డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్‌కి కూడా అంత పక్కన పెట్టుకోండి. ట్యూనర్‌తో బేరం కుదిరేముందే అడగాల్సింది ఒకటుంది: పని అయ్యాక మ్యాప్ ఫైల్ కాపీ, పాస్‌వర్డ్ మీ చేతికిస్తారా అని. ఇవ్వనంటే వేరే ట్యూనర్‌ని వెతుక్కోండి. మ్యాప్ లాక్ అయిన ఈసీయూని వేరే ఊళ్లో ఎవరూ ముట్టుకోలేరు.