ఎసైక్లోవిర్ సిరప్: ఇంట్లో ఒకరికి ఆటలమ్మ వచ్చాక మిగతావారికి ఎంత రక్షణ?

ఎసైక్లోవిర్ అంటే ఆటలమ్మ వైరస్ పెరగకుండా అడ్డుకునే మందు. అయినా నివారణకు మొదటి ఎంపిక ఇది కాదు. ఏడాది దాటిన ఆరోగ్యవంతులకు, రోగి దగ్గర మసలిన 3 నుంచి 5 రోజుల్లోపు ఆటలమ్మ టీకాయే మేలు. ఆ గడువు దాటితేనో, టీకా పడనివారికో డాక్టర్లు దీన్ని రాస్తారు.

కిటుకంతా రోజుల లెక్కలోనే ఉంది. మొదటివారికి పొక్కులు లేచిన రోజు నుంచి లెక్కపెట్టి, 7వ రోజున మొదలెట్టి 7 రోజులు వాడాలి. కంగారుపడి మర్నాడే మొదలెడితే, వైరస్ రెండోసారి రక్తంలో విస్తరించే వేళకి కోర్సు అయిపోతుంది.

మోతాదు కిలోకి 20 మిల్లీగ్రాములు, రోజుకు 4 సార్లు; ఒక్కో డోసు 800 దాటకూడదు. 15 కిలోల పిల్లలకు ఒక్కో డోసు 300 మిల్లీగ్రాములు అన్నమాట. 5 మిల్లీలీటర్లలో 400 ఉండే సీసాతో 3.75 మిల్లీలీటర్లు, 200 ఉండే సీసాతో 7.5. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, లేబుల్ చూడాల్సిందే. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి బాగా కుదిపి, చెంచాతో కాక సిరంజితో కొలవాలి.

నోటి ద్వారా ఒంటికి పట్టేది 15–20 శాతమే. అదీ కొన్ని గంటల్లోనే బయటికి పోతుంది, అందుకే రాత్రి డోసు ఎగ్గొట్టకూడదు. నీళ్లు బాగా తాగించకపోతే మూత్రపిండాలకు ఇబ్బంది. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి. గర్భిణులు, నవజాత శిశువులు, రోగనిరోధక శక్తి తగ్గినవారి విషయంలో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వారికి అవసరమైతే ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్)కు గడువు, రోగి దగ్గర మసలినప్పటి నుంచి 10 రోజులే.

వాడినా కొందరికి పొక్కులు వస్తాయి, కాకపోతే తక్కువగా. 21వ రోజు దాకా గమనిస్తూ ఉండాలి.