మంటలార్పే ఆరు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండరు: తిరుపతి టిఫిన్ సెంటర్లకు ఎంతవరకు పనికొస్తుంది?

రైల్వే స్టేషన్ ఎదురుగా, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల హోటల్ పెట్టుకున్నవాళ్లు కొనేముందు ఒకసారి చదవండి. లాడ్జి వరండాకి, సరుకుల గదికి ఇది మంచి సరుకు. కట్టె, గుడ్డ, పెట్రోలు, కరెంటు మంటలన్నిటికీ ఒకటే సరిపోతుంది. అయిదుకి అయిదు మార్కులు ఇవ్వచ్చు.

బజ్జీల బాండ్లి దగ్గర మాత్రం రెండే. పౌడర్ మంటను కొడుతుందే గానీ నూనెను చల్లార్చదు. అంటుకున్న నూనె వేడి 350 డిగ్రీల పైమాటే, పొగ తగ్గేలోపు మళ్లీ భగ్గుమంటుంది. దగ్గరగా కొడితే ఆ జోరుకి నూనె ఎగిరి మీద పడుతుంది. ముందు పొయ్యి ఆపి, చేతికి అందితే మూత వేయాలి. నీళ్లు మాత్రం పోయకూడదు. పెద్ద బాండ్లి ఉన్నచోట వంటనూనె మంటల కోసమే చేసిన కె టైపు సిలిండరు తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ అందులోని పొటాషియం ద్రావణం నూనె మీద సబ్బు పొరలా కట్టి, చల్లారుస్తుంది కూడా.

పిడి నొక్కాక ఆరు కిలోలూ ఇరవై సెకన్లలోపే అయిపోతాయి. తలుపు వీపు వెనకాల ఉండేట్టు, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, పిన్ను లాగి, మంట మొదట్లో అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. ఒక సిలిండరుకి తగ్గలేదంటే రెండోదాని కోసం వెతక్కండి. అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. గ్యాస్ బండ దగ్గర మంటయితే ముందు వాల్వు కట్టేయాలి. అది అందకపోతే మంటను ఆర్పొద్దు! మండుతున్న మంట కన్నా నేల మీద పరుచుకునే గ్యాసే ప్రమాదం, ఏదో ఒక మూల నిప్పు తగిలితే గది మొత్తం పేలుతుంది.

కొనేటప్పుడు సిలిండరు ఒంటి మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 15683 నంబరు, తయారీ తేదీ చూసుకోండి. సర్వీసుకి వచ్చినవాళ్లు తుడిచి కొత్త స్టిక్కరు అంటించి పోతామంటే ఒప్పుకోవద్దు. ప్రెషర్ చూపే ముల్లు పచ్చలో ఉన్నంత మాత్రాన పౌడర్ బాగున్నట్టు కాదు. లోపలికి తేమ చేరితే పౌడర్ గడ్డకడుతుంది, అప్పుడు నొక్కితే గాలి మాత్రం బుస్సుమని పోతుంది. విప్పించి, పౌడర్ కళ్లతో చూసి, తూకం వేయించండి. మూడేళ్లకోసారి ఒంటికి నీళ్ల ప్రెషర్ టెస్టు చేయించాలి. రెండు సెకన్లు వాడినా సరే, రీఫిల్ తప్పదు: వాల్వు సందులో పౌడర్ ఇరుక్కుని ప్రెషర్ మెల్లగా కారిపోతుంది.

తగిలించేది పొయ్యి వెనక గోడకి కాదు, బయటికి పోయే దారి పక్కన.