“బిల్లులో ఐ5 అని ఎక్కడుంది?” – సెకండ్‌హ్యాండ్ విండోస్ టాబ్లెట్ కొనబోయే డీటీపీ, ఫ్లెక్సీ వాళ్ళకు జాగ్రత్త

సికింద్రాబాద్‌లో మనమంతా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌ల కోసం పోయే కాంప్లెక్స్ ఉంది కదా, అందులో “డిజైనర్ స్పెషల్ ట్యాబ్” అని వాట్సాప్ స్టేటస్‌లు పెట్టే షాపు. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. అక్కడ విండోస్ టాబ్లెట్ కొనేముందు ఇది చదవండి. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, మాట తూలితే ఏమీ అనుకోకండి.

నాకు టాబ్లెట్ ఎందుకంటే, పెళ్ళికార్డులు చేయించుకునేవాళ్ళు ఇప్పుడు మా షాపుకు రావడం లేదు. ఇంటికే రమ్మంటారు. పెద్దాయన సోఫాలో కూర్చుని “వినాయకుణ్ణి కాస్త పైకి జరుపు, మా బావగారి పేరు రెండో లైన్లోకి రావాలి” అంటుంటే అక్కడికక్కడే మార్చి చూపించాలి. ఐప్యాడ్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నడవదు, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ అసలే నడవదు. అసలైన విండోస్ కావాలి, చంకలో పట్టాలి, పెన్నుతో గీయడానికి రావాలి.

కౌంటర్ మీద పెట్టిన పీస్ బ్రహ్మాండంగా ఉంది. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్కు, 24 వేలు. షాపు సారు ఫొటోషాప్ తెరిచాడు, కోరెల్‌డ్రా తెరిచాడు, పెన్ను నా చేతికే ఇచ్చాడు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ఐ5 అనీ, 8 జీబీ అనీ కళ్ళారా చూశాను. డబ్బులు తీసేసరికి సారుకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. “ఇది డిస్‌ప్లే పీస్ అన్నా, గీతలున్నయి. నీకు లోపల్నించి ఫ్రెష్‌ది తెప్పిస్త.” కుర్రాడు లోపలికెళ్ళి బబుల్ కవర్ చుట్టినది తెచ్చాడు. అదే మోడల్, అదే రంగు, వెనక ఐ5 స్టిక్కర్ కూడా. ఆన్ చేయబోతే “చార్జింగ్ లేదన్నా, ఇంటికి పోయి సెటప్ చేస్కో” అన్నాడు. జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం అన్నాడు. సరే, మామూలు బిల్లే ఇవ్వమన్నాను. కార్డులో ‘వ’కు ‘ప’ పడితే ఆమడ దూరం నుంచి పట్టేస్తానని పేరున్న మనిషిని. చేతిలో పెట్టిన ఆ చిన్న కాగితం మాత్రం చదవలేదు. శభాష్ అనుకోండి.

మా హన్మకొండ వచ్చి 12x8 అడుగుల ఫ్లెక్సీ డిజైన్ తెరిచాను. తెరుచుకోవడానికే టీ తాగి రావచ్చు. ఒక లేయర్ జరిపితే తెర బిగుసుకుపోయింది, కాసేపటికి “స్క్రాచ్ డిస్క్‌లు నిండిపోయాయి” అని మెసేజ్, అంటే ర్యామ్ చాలక ఫొటోషాప్ వాడుకునే డిస్కు జాగా కూడా అయిపోయిందని. అనుమానం వచ్చి టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ ఎమ్3-6వై30, మెమరీ (అంటే ర్యామ్) 4 జీబీ, డిస్కు 128. స్టిక్కర్ ఒక్కటే ఐ5!

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ఆ ఎమ్3 చిప్ 2015 నాటిది. కోర్లు రెండే, అసలు వేగం 0.9 గిగాహెర్ట్జ్, అవసరమైతే 2.2 దాకా పరిగెడుతుంది. ఫ్యాన్ లేకుండా పలచటి టాబ్లెట్‌లో పెట్టాలని 4.5 వాట్లకే కట్టేసి చేశారు. కాబట్టి వేడెక్కగానే వేగం తనంతట తనే తగ్గించుకుంటుంది. మెయిల్స్‌కి, సినిమాలకి దాన్ని తప్పుపట్టను. కానీ 12x8ని అంగుళానికి 100 పిక్సెళ్ళ రిజల్యూషన్‌లో, ప్రింటుకు వాడే నాలుగు రంగుల సీఎంవైకేగా పెడితే, మిగతా లేయర్లు లెక్కేయకుండానే ఒక్క బ్యాక్‌గ్రౌండే 500 ఎంబీ దాటుతుంది. 4 జీబీలో విండోస్ తన వాటా తీసుకున్నాక ఫొటోషాప్‌కు మిగిలేదెంత? ఇప్పటి ఫొటోషాప్‌కు కనీసం 8 ఉండాలని, 16 ఉంటే మంచిదని అడోబీ వాళ్ళే చెబుతున్నారు.

మర్నాడే బస్సెక్కి మళ్ళీ పోయాను. గొడవ పెట్టుకోవాలని కాదు, పొరపాటున పీస్ మారిందేమో, మార్చి ఇస్తాడని. ఆయన టాబ్లెట్ వైపు కూడా చూడలేదు. బిల్లు అడిగి తీసుకున్నాడు, దాని మీద వేలు పెట్టి, “బిల్లుల ఐ5 అని యాడుందో సూపెట్టన్నా” అన్నాడు.

చూశాను. “యూజ్డ్ ట్యాబ్ – 1, 24,000.” సీరియల్ నంబర్ లేదు, ర్యామ్ లేదు, ప్రాసెసర్ లేదు. కింద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని స్టాంపు.

స్టిక్కర్ సంగతేమిటంటే “గది కంపెనీ అంటిచ్చిందే” అన్నాడు. తర్వాత దయ తలిచి, “సరే, నీ కోసం మూడు వేలియ్యి, ఇంకో 4 జీబీ ర్యామ్ ఎక్కిస్త” అన్నాడు. ఆ మోడల్లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, స్లాటే ఉండదు. స్క్రీన్ జిగురుతో అతికించి ఉంటుంది, లేపితే పగిలే అవకాశమే ఎక్కువ. ఆ మాటే అన్నాను. “గన్ని తెలిసినోడివి కొనేటప్పుడే సూస్కోవాలె” అని కుర్రాడి వైపు తిరిగి నవ్వాడు. “ఫ్లెక్సీలు కొట్టేటోళ్ళకు గిది సాలదా?”

దీనికన్నా మంట ఎక్కడంటే, పక్కన కాలేజీ పిల్లవాడొకడు నిలబడి ఉన్నాడు. కుర్రాడు వాడికి అవే గీతలున్న డిస్‌ప్లే పీస్‌లో ఫొటోషాప్ తెరిచి చూపిస్తున్నాడు. “తమ్ముడూ, కవర్ చుట్టింది తీసుకోకు, నీ చేతిలో ఉన్న ఈ పీసే ఇమ్మను” అన్నాను. అంతే, సారు కౌంటర్ దాటి వచ్చి, నా బ్యాగు తీసి మెట్ల మీద పెట్టి, “బేరం ఖరాబు చేస్తవా, పో బయటికి” అని అందరి ముందూ అరిచాడు. ఆ పిల్లవాడు కొన్నాడో లేదో తెలియదు. సాయంత్రానికి నా నంబర్ బ్లాక్.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) వచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తున్నా, 5 లక్షల లోపు కొన్న సరుకుకు ఫీజు లేదు. లోపమున్న సరుకును వాపసు తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే, ఆ స్టాంపు చూసి భయపడకండి.

కొనేవాళ్ళు, మీకు ఇచ్చే పీస్‌నే అక్కడే చార్జింగ్ పెట్టి ఆన్ చేయించండి, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్, మెమరీ చూడండి, సీరియల్ నంబర్‌తో సహా అన్నీ బిల్లు మీద రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి. “విండోస్ 11 వేసిచ్చినం” అన్నా మురిసిపోకండి, ఈ ఎమ్3 లాంటి ఆరో తరం ఇంటెల్ చిప్‌లకు మైక్రోసాఫ్ట్ దాన్ని అధికారికంగా ఇవ్వదు.

పేజ్‌మేకర్ ఎలా నడుస్తోందని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. నడుస్తోంది, కానీ ఆ తెరకు పిక్సెళ్ళు ఎక్కువ, టూల్స్ కంటికి ఆనవు. ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో హై డీపీఐ స్కేలింగ్‌ను ‘సిస్టమ్’కు మార్చండి, కొంచెం మసకబారినా పెద్దగా కనిపిస్తాయి. పాత ఫొటోషాప్ సీఎస్6లో పెన్ను గట్టిగా నొక్కినా గీత లావెక్కకపోతే, పెన్ను ఒత్తిడిని ఫొటోషాప్‌కు చేరవేసే విన్‌ట్యాబ్ డ్రైవర్ వేయాలి.