వాలిన కనురెప్ప: కండరం బిగించడమా, నుదుటికి కట్టడమా?

మా అమ్మ టీవీ చూసేటప్పుడు గడ్డం పైకెత్తి, కనుబొమ్మలు నుదుటి మీదికి లాగి చూసేది. అక్క కొడుకూ అచ్చం అలాగే తల వెనక్కి వాల్చి చూసేవాడు. అమ్మకు 64 ఏళ్ళు, వాడికి అప్పుడే 2 నిండాయి. ఇద్దరికీ వాలింది ఎడమ రెప్పే. అమ్మమ్మ పోలిక వచ్చిందని ఇంట్లో ముద్దుగా అనుకున్నాం. తీరా చూస్తే ఇద్దరి సమస్యా ఒకటి కాదు, చేసిన ఆపరేషనూ ఒకటి కాదు. రెండూ దగ్గరుండి చూశాను కాబట్టి, ఎవరికి ఏది మేలో రాస్తున్నాను.

రెప్ప వాలడాన్ని డాక్టర్లు టోసిస్ అంటారు. రెప్పను పైకి లాగేది లెవేటర్ అనే కండరం. దాని వెనకే ముల్లర్ అనే చిన్న కండరం ఉండి ఇంకో 2 మి.మీ. దాకా సాయం చేస్తుంది. వయసు పైబడ్డవాళ్ళలో కండరం బాగానే ఉంటుంది, దాన్ని రెప్పకు పట్టి ఉంచే పొర సాగిపోతుంది. ఏళ్ళ తరబడి కాంటాక్ట్ లెన్సులు వాడినా, ఒక్కోసారి శుక్లాల ఆపరేషన్ తర్వాతా ఇదే జరుగుతుంది. పుట్టుకతో వచ్చినదైతే చాలామందిలో కండరమే సరిగ్గా తయారై ఉండదు. బావిలో చేద తోడేటప్పుడు తాడు జారిందనుకోండి, ముడి బిగిస్తే చాలు. లాగే చేతికే సత్తువ లేకపోతే ఎన్ని ముడులేసినా నీళ్ళు రావు. ఆపరేషన్ల మధ్య అసలు తేడా ఇదే.

ఆ తేడా తెలిసేది ఒక చిన్న స్కేలుతో. డాక్టరమ్మ బొటనవేలితో అమ్మ కనుబొమ్మను గట్టిగా నొక్కి పట్టింది, నుదురు సాయం రాకుండా. కంటి ముందు స్కేలు పెట్టి, "కిందికి చూడండమ్మా... ఇప్పుడు తల ఎత్తకుండా పైకి చూడండి" అంది. రెప్ప అంచు 13 మి.మీ. జరిగింది. మామూలు కళ్ళలో ఇది 12 నుంచి 15 దాకా ఉంటుంది. పిల్లాడి దగ్గర ఇదే కొలత కోసం బొమ్మ కారును పైకీ కిందికీ ఆడించాల్సి వచ్చింది. వాడిది 3 మి.మీ. కూడా సరిగ్గా లేదు. 4 లేదా అంతకన్నా తక్కువైతే కండరం బిగించినా పెద్దగా ఫలితం ఉండదు.

అంతకుముందు ఒక చోటికి వెళితే ఈ కొలతే తీసుకోలేదు. "వయసుకు చర్మం వేలాడుతోంది, తీసేస్తే సరి" అని ఆపరేషన్ డేటు కూడా ఇచ్చేశారు. ఒప్పుకుని ఉంటే చర్మం పోయేది, రెప్ప మాత్రం ఉన్నచోటే ఉండేది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. అద్దం ముందు నిలబడి, వేలాడే చర్మపు మడతను వేలితో మెల్లగా పైకి తీసి, వెంట్రుకలున్న రెప్ప అంచు ఎక్కడుందో చూడండి. ఆ అంచు నల్లగుడ్డు పైభాగాన్ని 1, 2 మి.మీ. మాత్రమే కప్పాలి. అలా ఉంటే అది చర్మం సమస్యే, బ్లెఫరోప్లాస్టీ చేసి అదనపు చర్మం తీస్తే సరిపోతుంది. అంచే కిందికి దిగి కంటిపాప మీదికి వస్తుంటే అది కండరం సంగతి. కొందరికి రెండూ ఉంటాయి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. కొన్ని సందర్భాల్లో అసలు కత్తి జోలికే వెళ్ళకూడదు. రెప్ప ఉన్నట్టుండి వాలి, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనపడినా, కంటిపాప పెద్దదైనా మెదడులో రక్తనాళం ఉబ్బి ఉండొచ్చు. ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే మయస్తీనియా గ్రేవిస్ (నరాల ఆదేశం కండరాలకు సరిగ్గా అందని జబ్బు) కావచ్చు, దానికి ముందు మందులే. మన ఊళ్ళలో వానాకాలం నేల మీద పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి రెప్పలు ఎత్తలేకపోతే కట్లపాము కాటేమో అని వెంటనే అనుమానించాలి. గాటు కనపడకపోవచ్చు. నాటువైద్యం అంటూ తిరగకుండా విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక అమ్మ విషయం. కండరం బాగుంది కాబట్టి బిగించడమే మార్గం. అందులోనూ రెండు దారులున్నాయి. బయట రెప్ప మడత దగ్గర కోసి లెవేటర్‌ను ముందుకు లాగి కుట్టడం ఒకటి. రెప్పను తిరగేసి లోపలి నుంచి ముల్లర్ కండరాన్ని కొంత తీసి కుట్టడం రెండోది. రెండో దానికి ముందు ముల్లర్ కండరాన్ని బిగుసుకునేలా చేసే ఫినైలెఫ్రిన్ చుక్కలు వేసి కాసేపు చూస్తారు. రెప్ప చక్కగా లేస్తే లోపలి ఆపరేషన్ బాగా పనిచేస్తుందని లెక్క. బయట మచ్చ ఉండదు. కొంచెమే వాలినవాళ్ళకు, చర్మం బిగుతుగా ఉన్నవాళ్ళకు నా ఓటు దానికే. అమ్మకు రెప్ప ఎక్కువే దిగింది, పైగా చర్మమూ వదులైంది. బయటి నుంచైతే రెండూ ఒకేసారి సరిచేయొచ్చని అదే ఎంచుకున్నాం. మత్తు కంటి దగ్గర మాత్రమే ఇచ్చారు. మధ్యలో అమ్మను లేపి కూర్చోబెట్టి, "ఎదురుగా చూడండి" అని రెండు కళ్ళూ పోల్చి ముడి సరిచేశారు. పూర్తి మత్తులో అది కుదరదు. వారానికి కుట్లు తీశారు, వాపు తగ్గడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

ముందే అడగాల్సినది ఒకటుంది. వాలిన రెప్పను లేపాక రెండో రెప్ప కాస్త దిగొచ్చు. రెండు రెప్పలకూ మెదడు నుంచి ఒకే స్థాయిలో ఆదేశం వెళుతుంది. ఇన్నాళ్ళూ వాలినదాన్ని ఎత్తడానికి గట్టిగా పంపిన ఆదేశం, ఇప్పుడు రెండింటికీ తగ్గుతుంది. వాలిన రెప్పను వేలితో లేపి రెండోది చూస్తే ముందే కొంత అంచనా దొరుకుతుంది.

ఆపరేషన్ వద్దనుకునే పెద్దవాళ్ళకు అమెరికాలో 2020 నుంచి ఆక్సీమెటజోలిన్ 0.1% చుక్కల మందు ఉంది. లేచేది ఒకటి రెండు మి.మీ. లోపే, అదీ ఆ రోజుకే.

పిల్లాడి విషయంలో టెన్షన్ వేరు. రెప్ప కంటిపాపను మూసేస్తే ఆ కంటికి చూపు నేర్చుకునే అవకాశమే ఉండదు, మందదృష్టి వస్తుంది. చూపు ఎదిగేది ఏడెనిమిదేళ్ళ దాకే. "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అని ఎవరైనా అంటే దయచేసి వినకండి. కంటిపాప తెరిచే ఉంటే మాత్రం నాలుగేళ్ళ దాకా ఆగడమే మంచిది, అప్పటికి కొలతలు కచ్చితంగా వస్తాయి.

వాడికి చేసింది స్లింగ్. కనుబొమ్మ పైన చిన్న గాట్లు పెట్టి, చర్మం కిందుగా దారంలాంటిది పోనిచ్చి రెప్పను నుదుటి కండరానికి కట్టారు. నుదురు ఎత్తితే రెప్ప లేస్తుంది. ఆ దారం సిలికాన్‌దా, తొడ నుంచి తీసిన పొరదా అన్న దగ్గర అక్కాబావా రెండు వారాలు తర్జనభర్జన పడ్డారు. తొడ పొర సొంత శరీరానిది, ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ మూడు నాలుగేళ్ళు వస్తే గానీ కావలసినంత పొడవు దొరకదు, తొడ మీద మచ్చ, కొన్నాళ్ళు నడకలో నొప్పి. సిలికాన్ సాగుతుంది, తర్వాత బిగించొచ్చు, తీసేయొచ్చు. కాకపోతే జారిపోతే మళ్ళీ ఆపరేషన్ తప్పదు. ఐదేళ్ళ పిల్లాడైతే నేను తొడ పొరే మేలంటాను. వీడికి కంటిపాప సగం మూసుకుపోయింది, ఆగే వ్యవధి లేదు. సిలికాన్ వేయించారు.

మొదటి రాత్రి వాడు నిద్రపోతుంటే రెప్పల సందులోంచి తెల్లగుడ్డు కనపడి అక్క బెదిరిపోయింది. స్లింగ్ వేశాక ఇది మామూలే. నల్లగుడ్డు ఎండిపోతే పుండు పడుతుంది కాబట్టి రోజూ పడుకునే ముందు ఆయింట్‌మెంట్ వేస్తోంది. బాగున్న కంటికి రోజుకు కొన్ని గంటలు ప్యాచ్ కూడా కడుతున్నారు, మందగించిన కంటికి పని పెట్టడానికి. అన్నం తింటూ కంచంలోకి చూసినప్పుడు ఎడమ రెప్ప కాస్త పైనే ఆగిపోతుంది, అది అలాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. టీవీ మాత్రం ఇప్పుడు తల నిటారుగా పెట్టే చూస్తున్నాడు.