పట్టర్‌కు కొలతలు, చేతికి సాధన: బెంగళూరులోని ఒక ఫిట్టింగ్ స్టూడియోపై సమీక్ష

గోల్ఫ్ ఆడేవారు దూరం కొట్టే కర్ర అయిన డ్రైవర్ కొనేటప్పుడు చూపించే శ్రద్ధలో పావు వంతు కూడా, బంతిని హోల్‌లోకి దొర్లించే కర్ర అయిన పట్టర్ కొనేటప్పుడు చూపించరు. అరలో నుంచి తీసి, దుకాణంలోని కార్పెట్ మీద నాలుగు బంతులు దొర్లించి, చేతికి ఇంపుగా ఉందనిపిస్తే బిల్లు కట్టేస్తారు. పార్ 72 కోర్సులో, అంటే 72 దెబ్బల్లో ముగించాలని లెక్కగట్టిన చోట, ప్రతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి పచ్చిక) మీదా రెండేసి పట్‌ల (దొర్లించే దెబ్బల) చొప్పున 18 గ్రీన్లకు 36 దెబ్బలు, అంటే సరిగ్గా సగం, ఈ ఒక్క కర్రకే లెక్కగట్టి ఉంచారని తెలిసినవారి తీరూ ఇదే. అందుకే పట్టర్ కొలతలను మాత్రమే ప్రత్యేకంగా తీసే స్టూడియో ఒకటి దొమ్మలూరు ప్రాంతంలో నడుస్తోందని విని, నా పాత పట్టర్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. వారి సేవలో మెచ్చదగినవీ మెచ్చలేనివీ రెండూ ఉన్నందున దుకాణం పేరు పక్కనపెట్టి, సేవ గురించే రాస్తున్నాను. ఇలాంటి ఫిట్టింగ్ ఎక్కడ చేయించుకున్నా ఈ విషయాలు పనికివస్తాయి.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఈ సేవకు పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే అక్కడ మనకు దక్కే విలువైన వస్తువు కొత్త పట్టర్ కాదు, మన చేయి దేన్ని సాధన చెయ్యాలో చెప్పే వివరం. పట్టర్ కొనడానికే వెళ్లినవారు ఆ వివరాన్ని అక్కడే వదిలేసి వస్తారు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది గురి పరీక్ష. ఆరడుగుల దూరంలో ఒక తెల్లటి పలక నిలబెట్టి, దాని మధ్యలో లేజర్ అమర్చారు. పట్టర్ ఫేస్‌కు, అంటే బంతిని తాకే ముఖానికి, చిన్న చదరపు అద్దం అంటించారు. బంతిని పెట్టి, ఆ లేజర్ ఉన్న చోటే హోల్ అనుకుని గురి చూసుకొమ్మన్నారు. నేను కుదురుకున్నాక, పట్టర్ కదలకుండా బంతిని మాత్రం పక్కకు తీశారు. అప్పుడు కిరణం అద్దాన్ని తాకి వెనక్కి వెళ్లి పలక మీద ఎర్రటి చుక్కగా పడింది. ఆ చుక్క మధ్యలో పడలేదు. బాగా ఎడమకు పడింది. ఎన్నిసార్లు పెట్టినా అటే. ఫిట్టర్ హిందూపురం వైపు కుర్రవాడు, నా మాట తీరు పోల్చుకుని తెలుగులోనే వివరించాడు: “కంగారు పడకండి సార్, అద్దం తప్పును రెండింతలు చేసి చూపిస్తుంది.” అది నిజమే. అద్దం ఒక డిగ్రీ తిరిగితే దాని నుంచి వెనక్కి వచ్చే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, ఆరడుగుల దగ్గర చుక్క సుమారు రెండున్నర అంగుళాలు జరుగుతుంది. అసలు బంతి జరిగేది అందులో సగమే.

కానీ ఆ సగం చిన్నదేమీ కాదు. హోల్ వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. పదడుగుల పట్‌లో ఫేస్ ఒక్క డిగ్రీ పక్కకు చూస్తే బంతి హోల్ మధ్య నుంచి రెండు అంగుళాలకు పైగా తొలగి, సరిగ్గా అంచు దగ్గరకు చేరుతుంది. బంతి బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది పట్టర్ ఊగిన దారి కాదు, బంతిని తాకిన క్షణాన ఫేస్ చూస్తున్న దిక్కు. గురిలోనే ఎడమకు చూస్తున్న ఫేస్‌తో బంతిని హోల్‌లో వేయాలంటే చేయి ఊపు మధ్యలో ఏదో ఒక సర్దుబాటు చేసుకోవాలి. ఆ సర్దుబాటు కుదిరిన రోజు “ఇవాళ పట్టింగ్ బాగుంది” అనుకుంటాం, కుదరని రోజు మరో పట్టర్ కోసం వెతుకుతాం.

తరువాత ఒకదాని వెంట ఒకటిగా రకరకాల పట్టర్లు చేతికిచ్చారు. పైన పొడవాటి తెల్లగీత ఉన్న పెద్ద మ్యాలెట్‌తో (వెడల్పాటి తల ఉన్న పట్టర్‌తో) చుక్క ఇంకా ఎడమకు వెళ్లింది. ఏ గీతా లేని సాదా బ్లేడ్‌తో (సన్నటి తల ఉన్నదానితో) దాదాపు మధ్యకు వచ్చింది. గీత ఉంటే గురి సులువని నేను విన్నదానికి ఇది వ్యతిరేకం. ఎవరి కంటికి ఏ ఆకారం సరిపోతుందో పరీక్షించి చూడటం తప్ప మరో మార్గం లేదని ఫిట్టర్ చెప్పిన మాట నాకు నిజాయితీగా అనిపించింది. ఇంకో విషయం కూడా అతనే పట్టుకున్నాడు. నావి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు. తల వంచకుండా కళ్లు మాత్రమే కిందికి దించితే బంతిని చూసేది దగ్గరి చదువు కోసం ఉన్న భాగంలో నుంచి. తల ఇంకొంచెం వంచి, అద్దాల పైభాగంలో నుంచి చూసేసరికి చుక్క కొంత సర్దుకుంది. నలభై దాటిన మనవాళ్లకు ఈ ఒక్క సలహా కోసమైనా అక్కడికి వెళ్లవచ్చు.

పొడవు దగ్గరకు వద్దాం. దుకాణాల్లో మగవారికి అమ్మే పట్టర్లు ఎక్కువగా 34, 35 అంగుళాలవి. నాది 35. నా ఎత్తుకు అది ఎక్కువ కావడం వల్ల మోచేతులు పక్కలకు పొడుచుకొచ్చి, కళ్లు బంతికి బాగా లోపలివైపు ఉండిపోతున్నాయి. ముక్కు దూలం దగ్గర ఇంకో బంతిని పట్టుకుని వదిలితే అది ఎక్కడ పడుతుందో చూపించారు. కింది బంతి మీద పడాలి, లేదా దానికి కొంచెం లోపల పడాలి. నాది ఏకంగా పాదాల వైపు పడింది. షాఫ్ట్‌ను (పట్టర్ కడ్డీని) ఒకటిన్నర అంగుళం కోసిన తరువాత భుజాలు వాటంతటవే దిగాయి. ఇది ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పరీక్షే.

లై యాంగిల్ (షాఫ్ట్ నేలతో చేసే కోణం) విషయంలో మాత్రం స్టూడియో వారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. టో (పట్టర్ తల బయటి కొన) పైకి లేచి ఉంటే బంతి ఎడమకు పోతుందని వారు గట్టిగా చెబుతారు. వాలు ఎక్కువుండే ఐరన్ల (ఇనుప తల కర్రల) విషయంలో అది పెద్ద సంగతే. కానీ పట్టర్‌కు ఉండే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) మూడు నాలుగు డిగ్రీలే. మూడు డిగ్రీల లాఫ్ట్ ఉన్న పట్టర్ లై మూడు డిగ్రీలు తేడాగా ఉన్నా దిశ మారేది డిగ్రీలో ఆరో వంతు. పదడుగుల దూరానికి అది అంగుళంలో మూడో వంతుకు మించదు. టో లేచి ఉన్న పట్టర్ వల్ల వచ్చే అసలు నష్టం వేరు. నేల మీద సరిగా కూర్చోని తలను చూసి కన్ను గురిని తప్పుగా అంచనా వేస్తుంది, దెబ్బ హీల్ (తల లోపలి కొన) వైపు పడే అవకాశం పెరుగుతుంది. కాబట్టి లై సరిచేయించుకోవడం మంచిదే, వారు చెప్పిన కారణానికి కాదు.

లాఫ్ట్ గురించి వారి వివరణ చక్కగా ఉంది. బంతి తన బరువుకు గడ్డిలో కొంచెం దిగి ఉంటుంది. ఆ గుంటలో నుంచి దాన్ని పైకి తేవడానికే పట్టర్‌కు ఆ కాస్త వాలు. చేతులను ముందుకు తోసి కొట్టే అలవాటున్నవారి దగ్గర ఆ వాలు చచ్చిపోయి, బంతి నేలకు నొక్కుకుని ఎగిరి పడుతుంది. చేతులు వెనకబడితే వాలు ఎక్కువై బంతి గాలిలో కొంత దూరం పోయి ఆ తరువాత దొర్లడం మొదలుపెడుతుంది. రెండింటిలోనూ దూరం మీద అదుపు పోతుంది. నాది మొదటి రకం. లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచారు.

ఈ మార్పులన్నీ నా పాత పట్టర్‌కే చేయించుకున్నాను. అది 1966లో పింగ్ సంస్థ స్థాపకుడు, ఇంజినీరు కార్స్టన్ సోల్హైమ్ రూపొందించిన ఆన్సర్ వంశానికి చెందిన బ్లేడ్. బరువును హీల్‌కూ టోకూ పంచి, షాఫ్ట్‌ను వంకర మెడతో తలకు కలిపిన ఆ ఆకారాన్ని తరువాత అనుకరించని సంస్థ అరుదు. అలాంటి మెడ ఉన్న స్టీలు పట్టర్‌ను యంత్రంలో బిగించి లాఫ్టూ లై రెండూ వంచవచ్చు. షాఫ్ట్ నేరుగా తలలోకి దిగే మ్యాలెట్లతో అది సులువు కాదు. కొనే ముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. షాఫ్ట్‌ను వేలి మీద అడ్డంగా నిలిపి, ఫేస్ ఆకాశం వైపు చూస్తే ఫేస్ బ్యాలెన్స్‌డ్ అనీ, టో కిందికి వేలాడితే టో హ్యాంగ్ అనీ చెప్పి, నేరుగా ఊపేవారికి మొదటిది, వంపుగా ఊపేవారికి రెండోది అని సూత్రం వల్లించడం వారికి అలవాటు. సూత్రం తప్పని అనను గానీ, దానికి కట్టుబడనివారిని గ్రీన్ల మీద రోజూ చూస్తాం.

ఇక స్టూడియోలో దొరకనిది వేగం. చదునైన కృత్రిమ పచ్చిక మీద గురి, దెబ్బ తెలుస్తాయి, బలం తెలియదు. బెంగళూరు గ్రీన్ల మీద బెర్ముడా గడ్డి ఉన్నచోట గడ్డి వాలిన దిక్కు బంతిని లాగుతుంది. గడ్డి మెరుస్తూ కనిపించే వైపు కొడితే బంతి జారిపోతుంది, ముదురుగా కనిపించే వైపు కొడితే ఆగిపోతుంది. హోల్ అంచులో ఒక పక్క చెదిరి ఎండినట్టు ఉంటే గడ్డి వాలినది అటే. ఉదయం మంచుతో నెమ్మదిగా ఉన్న గ్రీన్ మధ్యాహ్నానికి వేరే గ్రీన్ అయిపోతుంది. ఇవేవీ లేజర్‌కు తెలియవు. కోలారు నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే ఒక పెద్దాయన, తెలుగు మాట్లాడే క్యాడీ (ఆటగాడి కర్రలు మోసే సహాయకుడు), నేను ప్రతి పట్‌కూ గీత వెతుక్కోవడం చూసి “సార్, మీరు గీతే చూస్తా ఉండారు, ముందు ఎంత దూరం పోవల్లనో చూడండి” అన్నాడు. క్యారమ్స్ ఆడిన చేతికి ఈ సంగతి కొత్త కాదు: మెల్లగా చేరిన కాయను గుంట ఏ పక్కనుంచైనా తీసుకుంటుంది, విసురుగా వచ్చినదాన్ని బయటికి తోస్తుంది.

ఫిట్టింగ్ తరువాత వారు ఇచ్చిన సాధన పద్ధతుల్లో నాకు బాగా పనికివచ్చింది స్టీలు స్కేలు. ఎస్.పి. రోడ్డులో దొరికే, మీటరు పొడవూ ముప్పై మిల్లీమీటర్ల వెడల్పూ ఉన్న స్కేలును నేల మీద పరిచి, ఒక చివర బంతిని పెట్టి, రెండో చివర దాకా అంచు దాటకుండా దొర్లించాలి. బంతి పూర్తిగా స్కేలు మీదే ప్రయాణించిందంటే దిశలో తేడా ఒక డిగ్రీకి లోపే ఉందని లెక్క. మొదట్లో చాలా బంతులు మధ్యలోనే పక్కకు జారిపోతాయి. ఎటు జారిపోతున్నాయో గమనించడమే పాఠం. అపార్ట్‌మెంటులో ఉండేవారు కింద మందపాటి గుడ్డ పరవాలి, లేకపోతే రాత్రిపూట కింది అంతస్తువారు తలుపు తడతారు. రెండో పద్ధతి ప్రాక్టీస్ గ్రీన్ మీదిది: పట్టర్ తలకు రెండు పక్కలా వెంట్రుకవాసి ఎడంతో టీలు (బంతిని నిలిపే చిన్న పుల్లలు) గుచ్చి, వాటిని తాకకుండా ఊపడం. ఫేస్ మధ్యలో దెబ్బ పడటం దీనితోనే అలవాటవుతుంది. దూరం కోసం మాత్రం హోల్‌నే చూడకుండా పది, ఇరవై, ముప్పై అడుగుల గుర్తులకు వరుసగా కొట్టడం మేలు. ఈ మూడింటికీ ఖరీదైన పరికరం ఏదీ అవసరం లేదు, అందువల్లనే కాబోలు స్టూడియోవారు వీటిని ఆఖర్న హడావిడిగా చెప్పి ముగించారు.

1876 నుంచి గోల్ఫ్ క్లబ్ ఉన్న ఊరిలో, టోక్యో ఒలింపిక్స్‌లో తనకన్నా దూరం కొట్టే వారి మధ్య ప్రధానంగా పట్టింగ్ బలంతో నాలుగో స్థానం సాధించిన అదితి అశోక్ పెరిగిన ఊరిలో, పట్టింగ్ మీద ఇంత తక్కువ సమయం వెచ్చించే శిక్షణ నాకు వింతగా తోచింది. దూరపు దెబ్బలు సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లో బకెట్ మీద బకెట్ బంతులు కొడుతున్న వరుస ఎప్పుడూ నిండే ఉంటుంది, పక్కనున్న ప్రాక్టీస్ గ్రీన్ మీద ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఫిర్యాదులు మూడు. షాఫ్ట్ కోస్తే పట్టర్ తల చేతికి తేలికగా తోస్తుందన్న సంగతి వారికి తెలియనిది కాదు, కానీ కోసే ముందు చెప్పలేదు. ఇంటికి తెచ్చాక దూరాలన్నీ తప్పుతుంటే మళ్లీ వెళ్లి అడగవలసి వచ్చింది. అప్పుడు తల అడుగున సీసపు టేపు అంటించి సరిచేశారు, అదనంగా డబ్బు తీసుకోలేదు. కొలతల వివరాలన్నీ వాట్సాప్‌లో పంపిస్తామన్న కాగితం మాత్రం పదేపదే గుర్తుచేస్తే గానీ రాలేదు. దానికి తోడు, ఫిట్టర్ పాత పట్టర్ చాలునని చెబుతుండగానే కౌంటర్‌లోని వ్యక్తి కొత్త మ్యాలెట్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టడం ఇబ్బందిగా అనిపించింది. ఫీజు విషయానికొస్తే, పేరున్న కొత్త పట్టర్ ధరలో అది చిన్న భాగమే. మందపాటి గ్రిప్ (చేతిపట్టు) వేయించుకుంటే దానికి వేరే. మణికట్టు ఎక్కువగా ఆడేవారికి ఆ గ్రిప్ ఉపకరిస్తుంది; నేను పాత సన్నటిదే ఉంచుకున్నాను.

నేను ఉన్నప్పుడే ఒక పెద్దాయన పొడవాటి పట్టర్‌ను ఛాతీకి ఆనించి ఊపవచ్చునా అని అడిగారు. 2016 జనవరి 1 నుంచి అలా ఆనించి ఊపడం నిషిద్ధమనీ, పొడవాటి పట్టర్ మాత్రం నిషిద్ధం కాదనీ ఫిట్టర్ ఓపికగా విడమరిచాడు. అమ్మకం వచ్చే చోట నిబంధన ముందు చెప్పడం నాకు నచ్చింది.

వెళ్లదలచినవారు వారం మధ్యలో ఉదయం సమయం తీసుకోవాలి. శని, ఆదివారాల్లో వెనక మనిషి ఎదురుచూస్తుంటాడు, గురి పరీక్ష సగంలో ముగుస్తుంది. ఆడేటప్పుడు వేసుకునే బూట్లూ, పెట్టుకునే కళ్లద్దాలూ, ఇప్పుడు వాడుతున్న పట్టరూ తీసుకెళ్లాలి. కోత, వంపు మొదలుపెట్టే ముందు పొడవు, లాఫ్ట్, లై, తల బరువు పాతవీ కొత్తవీ పక్కపక్కన రాయించి, ఆ కాగితం చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి.