సిల్హౌట్ పనికి గింప్ ఎలా ఉంది?

ఫొటోలోని మనిషినో చెట్టునో నల్లటి బొమ్మగా మార్చాలనుకున్నవాళ్లు గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా వెళ్లేది కలర్స్ మెనూలోని థ్రెషోల్డ్ దగ్గరికే. స్లైడర్ అటూ ఇటూ జరిపితే పది సెకన్లలో ఏదో ఒక నల్లబొమ్మ తయారవుతుంది కూడా. కాకపోతే మనిషి తెల్లచొక్కా వేసుకుని ఉంటే మొండెం మాయమై తలా కాళ్లూ మిగులుతాయి. మనిషెవరో గోడేదో థ్రెషోల్డ్‌కు తెలియదు మరి. దానికి కనిపించేది ఒక్కో పిక్సెల్ వెలుగు, 0 నుంచి 255 దాకా ఒక అంకె. గీత దాటితే తెలుపు, దాటకపోతే నలుపు.

అందుకే సిల్హౌట్ పనికి ఏ సాఫ్ట్‌వేర్‌ను తూచాలన్నా దాని సెలెక్షన్ పనిముట్లను, అంటే ఫొటోలో కావలసిన భాగాన్ని విడదీసి ఎంచుకునేవాటిని తూచాలి. నలుపు నింపడం ఎందులోనైనా ఒక్క మీట పని. ఆ లెక్కన ఉచితంగా దొరికే గింప్‌కు పదికి ఏడున్నర వేయొచ్చు. తగ్గిన రెండున్నర ఎక్కడ పోయిందో కింద చెబుతాం.

ముందు థ్రెషోల్డ్ పనిచేసే చోటు. వెనక ఆకాశమో కిటికీయో వెలుగుతూ, ముందున్నది చీకట్లో ఉన్న ఫొటో అయితే ఇదే చాలు. నీలాకాశం ముందు ఎండ తగిలిన ఆకులుంటే మాత్రం రెండింటి వెలుగూ దగ్గరదగ్గరగా ఉండి కలిసిపోతాయి. ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు ఒక్కొక్కటీ ఒక ఛానెల్. అప్పుడు థ్రెషోల్డ్ పెట్టెలో ఛానెల్ అన్నచోట నీలం ఎంచుకోవాలి. నీలం ఛానెల్‌లో ఆకాశం తెల్లగా, ఆకులు దాదాపు నల్లగా ఉంటాయి. ఏ వెలుగు పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్‌లో రెండు గుట్టల మధ్య లోయ కనిపిస్తుంది, గీతను అక్కడ నిలపాలి. ఇంత చేసినా అంచు మెట్లుమెట్లుగానే వస్తుంది, ఎందుకంటే నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిదరంగు పిక్సెల్ ఒక్కటీ మిగలదు. దీనికి విరుగుడు థ్రెషోల్డ్ మానేయడమే. కలర్స్ మెనూలోనే డీశాచురేట్ కింద, ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చే మోనో మిక్సర్‌లో ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 1 పెట్టి, ఆ తర్వాత ఏ వెలుగు నలుపవాలో ఏది తెలుపవాలో సర్దే లెవెల్స్‌లో ఇన్‌పుట్ బాణాలు రెండింటినీ 120, 136 లాంటి దగ్గరి అంకెల మీదికి తేవాలి. మధ్యలో మిగిలిన ఆ కాస్త బూడిదే అంచును నునుపు చేస్తుంది.

మామూలు ఫొటోల్లో వెనక గోడ, సామాను, ఇంకో నలుగురు మనుషులు ఉంటారు. అక్కడ అంచు గీసుకోక తప్పదు. గింప్‌లో దీనికి ఎక్కువ ఆశ పెట్టేది ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్. బొమ్మ చుట్టూ ఉజ్జాయింపుగా గీత గీసి ఎంటర్ కొట్టి, లోపల బ్రష్‌తో నాలుగు గీతలు గీస్తే మిగతాది తనే తేల్చుకుంటుందని చెబుతారు. రంగు తేడా బాగా ఉంటే నిజంగానే తేలుస్తుంది. నల్లజుట్టు వెనక ముదురు గోడ ఉంటే మాత్రం చెవి వెనక భాగం గోడతో పాటు పోతుంది, లేదా గోడ ముక్కొకటి జుట్టుకు అతుక్కుని వస్తుంది. అంచు లెక్కగట్టే పద్ధతుల్లో మ్యాటింగ్ లెవిన్ ఇంజిన్ ఎంచుకుంటే పెద్ద ఫొటోల మీద కంప్యూటర్ మొరాయిస్తుంది కూడా. పైగా ఇది ఇచ్చే అంచు సగంసగం పారదర్శకంగా ఉంటుంది. మనిషిని ఇంకో దృశ్యంలో అతికించడానికి అది మంచిదే, సిల్హౌట్‌కు మాత్రం పొగలా కనిపిస్తుంది. ఫొటోలోని మనిషిని తనే గుర్తించి ఎంచుకునే ఫొటోషాప్‌లోని సెలెక్ట్ సబ్జెక్ట్‌తో పోలిస్తే గింప్ వెనకబడింది ఇక్కడే. ఒకటిన్నర మార్కు ఇక్కడే పోయింది.

దానికి బదులు చుక్కలు కలుపుతూ అంచు గీసే పాత్స్ పనిముట్టు తీసుకుంటే కథ మారిపోతుంది. మీట బి. ఫొటోను 200 శాతానికి పెంచి, అంచు మీద క్లిక్ చేస్తూ పోవాలి. వంపు ఉన్నచోట క్లిక్ చేసిన వేలు ఎత్తకుండా లాగితే వంపును సర్దుకునే పిడులు వస్తాయి. చేయి తిరగనివాళ్లు పది పిక్సెళ్లకొక చుక్క పెడతారు. అలా పెడితే గీత వణికినట్టు వస్తుంది. నుదురు నుంచి ముక్కు మొదలు దాకా ఒకే వంపు, అందుకు రెండు చుక్కలు చాలు. ముక్కు కొన దగ్గర ఒకటి, ముక్కు కిందా పెదవి పైనా చిన్న గుంటలో ఒకటి, పెదవుల మధ్య ఒకటి, గడ్డం కింద ఒకటి. వంపు దిశ మారేచోట మాత్రమే చుక్క పడాలి. చివర్లో కంట్రోల్ పట్టుకుని మొదటి చుక్క మీద నొక్కితే గీత మూసుకుంటుంది, ఎంటర్ కొడితే సెలెక్షన్ అవుతుంది. గీత గింప్ సొంత ఫైలైన ఎక్స్‌సీఎఫ్‌లో భద్రంగా ఉంటుంది కాబట్టి రేపు తెరిచి ఒక్క చుక్క కాస్త జరుపుకోవచ్చు. మౌస్‌తో చేత్తో గీసే ఫ్రీ సెలెక్ట్‌లో ఈ సుఖం లేదు.

మరిచిపోకూడనివి లోపలి ఖాళీలు. నడుము మీద చేయి పెట్టుకున్న మనిషిలో మోచేతికీ నడుముకూ మధ్య ఉండే త్రికోణం తీసేయకపోతే చూసేవాళ్లకు అది మనిషిలా కాక మూటలా కనిపిస్తుంది. ఆ ఖాళీని వేరే పాత్‌గా గీసి, సెలెక్షన్ ఫ్రమ్ పాత్ బటన్‌ను కంట్రోల్ పట్టుకుని నొక్కితే ఉన్న సెలెక్షన్‌లోంచి అది తీసివేతకు పోతుంది. ఖాళీలే లేని ఫొటోను ఏ పనిముట్టూ కాపాడలేదు. చేతులు కట్టుకుని కెమెరాకేసి సూటిగా చూసే మనిషి నల్లబడితే మిగిలేది ఒక గుండ్రటి తల, దాని కింద దిండు. ముఖమైతే పక్కనుంచి తీసిందే పనికొస్తుంది. 1759లో కొన్ని నెలలపాటు ఫ్రాన్స్ ఆర్థికమంత్రిగా ఉన్న ఎతియెన్ ద సిల్హౌట్ పేరు అంటుకున్న ఆ కాలపు కాగితపు నల్లబొమ్మల్లోనూ ముఖం మామూలుగా పక్కవాటుగానే కనిపిస్తుంది.

జుట్టు దగ్గర పాత్స్ ఓడిపోతుంది. అక్కడ షిఫ్ట్, క్యూ నొక్కి, సెలెక్షన్‌ను బ్రష్‌తో పూసి సరిచేసుకునే క్విక్ మాస్క్‌లోకి వెళ్లాలి. ఎంచుకోని భాగమంతా ఎర్రగా కనిపిస్తుంది. తెలుపుతో పూస్తే సెలెక్షన్‌లోకి వస్తుంది, నలుపుతో పూస్తే బయటికి పోతుంది. రెండుమూడు పిక్సెళ్ల గట్టి బ్రష్‌తో బయటికి ఎగిరిన పాయలు నాలుగైదు గీస్తే చాలు. ప్రతి వెంట్రుకా పట్టుకోవాలనుకుంటే బొమ్మకు బూజు పట్టినట్టవుతుంది.

గింప్‌లో మాకు బాగా నచ్చిన సంగతీ ఇక్కడే ఉంది: క్విక్ మాస్క్ మీద ఫిల్టర్లు కూడా నడుస్తాయి. అంచు గరుకుగా ఉంటే అంచును మసకబార్చే గాసియన్ బ్లర్ 2 లేదా 3 పిక్సెళ్లు వేసి, వెంటనే లెవెల్స్‌లో బాణాలను 110, 145 దగ్గర పెడితే మెట్లన్నీ కరిగి శుభ్రమైన అంచు మిగులుతుంది. ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ ఇచ్చిన పొగ అంచుకూ ఇదే మందు. బ్లర్ 6, 7 దాటిస్తే వేళ్ల మధ్య సందులు పూడిపోతాయి, ముక్కు కొన మొద్దుబారుతుంది.

ఇక నింపడం. ఫొటో పైన పారదర్శకమైన కొత్త లేయర్, అంటే పొర, వేసుకుని నింపాలి, అసలు ఫొటో మీద కాదు. ఫొటో మీదే నింపితే అంచు పిక్సెళ్లలో పాత గోడ రంగు కలిసి, తర్వాత వేరే నేపథ్యం మీద పెట్టినప్పుడు సన్నని చార కనిపిస్తుంది. డి నొక్కితే రంగులు నలుపు, తెలుపులకు వస్తాయి. కంట్రోల్, కామా నొక్కితే నలుపు నిండుతుంది, ఒక్కసారే నొక్కండి. రెండోసారి నొక్కితే సగం నిండిన అంచు పిక్సెళ్లు ఇంకా నిండి, కష్టపడి తెచ్చుకున్న నునుపు పోతుంది. నింపాక ఆ లేయర్ ఒపాసిటీ 50కి తగ్గించి చూస్తే కింది ఫొటోతో ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది. ఎక్కువగా దొరికే తప్పు పాదాల దగ్గర: నేల మీది నీడను చెప్పులో భాగమనుకుని గీసి ఉంటారు.

మిగిలిన ఒక మార్కు పోయింది గింప్ గందరగోళానికే. నింపితే ఏమీ కనబడదు. చూస్తే లేయర్‌కు బదులు మాస్కో ఛానెలో ఎంపికై ఉంటుంది. బొమ్మ ఒక పక్క గీత పెట్టి కోసినట్టు ఆగిపోతుంది. ఆ లేయర్ కాన్వాస్ కంటే చిన్నది, గీతలు గీతలుగా కనిపించే దాని సరిహద్దు దాటి రంగు పోదు. లేయర్ మెనూలో లేయర్ టు ఇమేజ్ సైజ్ అంటే సరిపోతుంది. సేవ్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ మాత్రమే ఇస్తుంది. పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కు పోవాలి. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, పైగా నల్లటి అంచు చుట్టూ దుమ్ములాంటి మచ్చలు చేరతాయి. 2025 మార్చిలో వచ్చిన 3.0లో లేయర్ మీద వేసిన థ్రెషోల్డ్, లెవెల్స్ లాంటివి తర్వాత తెరిచి మార్చుకునేలా చేశారు. ఇది పెద్ద ఊరట, ఇంకా 2.10 వాడుతున్నవాళ్లు దీనికోసమైనా మారొచ్చు.

స్టిక్కర్ కటింగ్‌కో పెద్ద బోర్డుకో కావాలంటే పీఎన్‌జీ చాలదు, ఎంత పెంచినా అంచు చెదరని గీతల బొమ్మ, అంటే వెక్టర్ కావాలి. పాత్స్‌తో గీసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే: పాత్స్ పెట్టెలో కుడి క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ పాత్ అంటే ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైలు వస్తుంది. సెలెక్షన్‌ను పాత్‌గా మార్చి పంపితే చుక్కలు లెక్కకు మించి వస్తాయి, కోసే బ్లేడు ప్రతి చుక్క దగ్గరా తడబడుతుంది. అలాంటప్పుడు నల్లబొమ్మను తెల్లటి నేపథ్యం మీద రెండింతలు పెద్దది చేసి ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ చేయడం మేలు, అది బొమ్మను గీతలుగా మారుస్తుంది. స్పెకిల్స్ పెంచితే చిల్లర మచ్చలు పోతాయి. ఫలితం పాత బొమ్మ మీదే కూర్చుంటుంది కాబట్టి ఏమీ జరగలేదనిపిస్తుంది, పక్కకు లాగి చూడండి. చుక్కలు తగ్గించడానికి కంట్రోల్, ఎల్ ఒకసారి కొట్టండి. రెండోసారి కొట్టేముందు ముక్కు, పెదవుల దగ్గర పెంచి చూసుకోండి.