బైకు ఇంజన్ కారుకి పాత పోలో రేడియేటర్: రెండు వేసవులు నడిపాక

ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో మా ఇంటి గ్యారేజీలో నాలుగేళ్లు కష్టపడి కట్టుకున్న కారు నాది. లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు పోలికతో రెండు సీట్ల చిన్న బండి. చదరపు పైపుల ఫ్రేము, అందులో 2000 మోడల్ యమహా ఆర్1 బైకు ఇంజన్. 998 సీసీ, కంపెనీ లెక్క ప్రకారం 150 హార్స్‌పవర్. తూకం వేస్తే బండి మొత్తం 460 కిలోలు వచ్చింది. ఇలాంటి కారుకి ఏ రేడియేటర్ వెయ్యాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే: రెండో తరం ఫోక్స్‌వ్యాగన్ పోలోది, అంటే 1981 నుంచి 1994 దాకా వచ్చిన ఆ చిన్న కారుది. ఇక్కడ ఇలాంటి బండ్లు కట్టేవాళ్లలో చాలామంది వాడేది అదే. వాళ్ల మాట ముందే వినుంటే నాకు 260 పౌండ్లు మిగిలేవి.

మొదట ఆర్1తో పాటు వచ్చిన బైకు రేడియేటరే పెడదామనుకున్నాను. అది వంపు తిరిగి ఉంటుంది, ముందు చక్రం వెనక నేరుగా గాలి తగిలే చోటు కోసం చేసింది. మన కారులో అది మూతి లోపల దాక్కోవాలి, పైగా బైకుకి రెండున్నర రెట్ల బరువు లాగే ఇంజన్‌ని చల్లబరచాలి. కొలిచి చూసి పక్కన పెట్టేశాను.

తర్వాత ఒక షాపులో ఆర్డరిచ్చి అల్యూమినియంతో చేయించాను. ఎంత పెద్దదైతే అంత మంచిదని మూతిలో పట్టేంత వెడల్పు, 56 మిల్లీమీటర్ల మందం. చూడ్డానికి అద్దంలా మెరిసిపోయేది. రోడ్డు మీద పరుగెడుతుంటే బాగానే ఉండేది గానీ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే వేడి చూపించే మీటరు 108 డిగ్రీలకి పాకేది. నాకేమో టెన్షన్, పక్కన కూర్చున్న మా ఆవిడకి అంతకన్నా ఎక్కువ. మూడో నెలలో వెల్డింగు అంచున తడి కూడా మొదలైంది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ రేడియేటర్లు బాగుచేశారు. ఫోన్ చేసి చెబితే సైజు గురించి ఒక్క ముక్క అడగలేదు. "గాలి లోపలికి ఎట్లా వస్తోందిరా? వచ్చిన గాలి బయటికి ఎట్లా పోతోంది?" అన్నారు. వెళ్లి టార్చి వేసి చూశాను. మూతిలోంచి దూరిన గాలికి రేడియేటర్ పైనా కిందా రెండేసి వేళ్ల సందుంది. మందపాటి కోర్‌లోంచి, అంటే గొట్టాలూ వాటి మధ్య సన్నని రేకుల్లాంటి ఫిన్లూ ఉండే భాగంలోంచి, దూరడం కష్టం కాబట్టి గాలి సుఖంగా ఆ సందుల్లోంచి జారిపోతోంది. దూరిన కాస్త గాలి కూడా వెనక వరసల దాకా వచ్చేసరికి వేడెక్కిపోతోంది. పెద్దదానికే రేకు కట్టి సందులు మూద్దామంటే, అది అంచుల దాకా నిండిపోయి చెయ్యి పట్టే చోటు కూడా లేదు.

అప్పుడు కొన్నాను పోలోది, కొత్తదే, 38 పౌండ్లు. టేపు పెడితే కోర్ 43 సెంటీమీటర్లు బై 32, మందం 34 మిల్లీమీటర్లు. చేతిలోకి తీసుకుంటే ఇంత చిన్నదా అనిపించింది. బిగించే ముందు నాన్న షాపులో చూసిన పరీక్షే పెట్టాను. స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టి రేడియేటర్ ముంచాను. పైపు తగిలించే మూతులు రెండుంటాయి, ఒకదానికి రబ్బరు బిరడా, రెండోదానికి సైకిల్ పంపు. మొదట ఫిన్ల మధ్య ఇరుక్కున్న గాలి సన్నని ముత్యాల్లా లేచింది. అది ఆగిపోయేదాకా చేత్తో తడుముతూ ఉండాలి, లేకపోతే లీకు ఏదో తెలియదు. తర్వాత పది నిమిషాలు చూశాను, నీళ్లు కదల్లేదు.

చిన్నది కావడంతో చుట్టూ చోటు మిగిలింది. మూతి రంధ్రం నుంచి రేడియేటర్ అంచు దాకా అల్యూమినియం రేకుతో గరాటులా కట్టి, అంచుల్లో స్పాంజి పట్టీ అంటించాను. లోపలికొచ్చిన ప్రతి గాలీ ఫిన్లలోంచే పోవాలి. వెనక 9 అంగుళాల స్పాల్ కంపెనీ ఫ్యాన్. ఈ రేడియేటర్ ట్యాంకులోనే ఫ్యాన్ స్విచ్‌కి చోటుంటుంది, నేను పెట్టింది 92 డిగ్రీలకి ఆన్ అయి 87కి ఆగేది.

పైపుల పనిలో మాత్రం ఓపిక కావాలి. రేడియేటర్ మూతులు 32 మిల్లీమీటర్లు, ఇంజన్ వైపు 25, కాబట్టి మధ్యలో ఒక చివర లావుగా, రెండో చివర సన్నగా ఉండే సిలికాన్ రెడ్యూసర్లు తప్పవు. రెండు మూతులూ ఒకే పక్క ఉంటాయి, అందుకని ఒక పైపు చుట్టూ తిప్పుకు రావాలి. దీనికి సొంత మూత ఉండదు. విడిగా ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి ఉబ్బిన కూలెంట్ చేరే చిన్న డబ్బా) కొని, ఇంజన్ కన్నా ఎత్తులో పెట్టి, దానికి 1 బార్ మూత బిగించాలి. ఆ ఒత్తిడి వల్ల నీళ్లు మరిగే స్థాయి 120 డిగ్రీల దాకా జరుగుతుంది. కూలెంట్ నింపేటప్పుడు కారు వెనక వైపు జాకీతో ఎత్తి, ట్యాంకు అన్నిటికన్నా పైన ఉండేలా చూసి, పైపులు పిసుకుతూ గాలి తీయండి. నేను మొదటిసారి తొందరపడి ఎయిర్ లాక్ తెచ్చుకున్నాను, ఇంజన్ సలసలా కాగుతుంటే రేడియేటర్ చల్లగా ఉంది.

ఇప్పుడు రోడ్డు మీద మీటరు 83 దగ్గర కదలకుండా ఉంటుంది. ట్రాఫిక్‌లో 94 దాకా వెళ్లి ఫ్యాన్ తిరగ్గానే దిగుతుంది. జులైలో మాలరీ పార్క్ రేసు ట్రాక్‌లో పదిహేను నిమిషాలు వదలకుండా తొక్కితే, బాగా నెమ్మదించాల్సిన షాస్ హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఒకసారి 96 చూశాను, అంతే. (ఆ ట్రాక్‌లో జెరార్డ్స్ అనే పొడుగాటి కుడి మలుపు ఉంది. బైకు ఇంజన్‌కి అక్కడ అసలు ప్రమాదం సంపులో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ పక్కకి ఒరిగిపోవడం. ఆయిల్‌ని అలా ఒరగనివ్వని బాఫిల్ ప్లేటు లేకుండా అక్కడికి వెళ్లొద్దు.)

లోపాలూ ఉన్నాయి. పక్క ట్యాంకులు ప్లాస్టిక్‌వి. క్లిప్పు మరీ బిగిస్తే మూతి పగులుతుంది, ఫ్రేముకి నేరుగా బోల్టు వేస్తే ఇంజన్ అదురుకి అతుకు వదులుతుంది. నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు వెయ్యండి, ముందు రాళ్లు తగలకుండా జాలీ పెట్టండి. ఇంజన్‌కి టర్బో పెట్టాలనుకునేవాళ్లకి మాత్రం నేనిది సిఫారసు చెయ్యను. ఇంకొకటి, పోలో పేరుతో వేర్వేరు సైజులు అమ్ముతారు, టేపు పట్టుకుని వెళ్లండి.

నాన్న అడిగిన రెండో ప్రశ్నకి నా దగ్గర ఇంకా సగం జవాబే ఉంది. వేడి గాలి ఇప్పుడు ఇంజన్ కింద నుంచే పోతోంది, నా కాళ్లకి సెగ తగులుతోంది. ఈ చలికాలం బానెట్ రెండు పక్కలా ఆరేసి గాట్లు కొయ్యాలని గీతలు గీసి పెట్టుకున్నాను.